నీళ్ల కుండల కింద ఇసుక

మా మనవరాలు ఒక కుక్కపిల్లను తెచ్చిపెట్టింది. అడిగి తెచ్చింది కాదు, తెచ్చి చెప్పింది. గుప్పెడంత ఉంది. దానికొక పరుపు, ఒక దువ్వెన, అది ఉచ్చ పోయడానికని నీలంరంగు మెత్తటి పరుపు ఇంకొకటి. "ఈ నీలందాని మీదే పోస్తుంది అమ్మమ్మా, ఫోనులో చూశాను, వారంలో నేర్చుకుంటుంది" అంది. నేర్చుకుంది. ఆ నీలం పరుపు మీద కాళ్లు చాపుకుని నిద్రపోవడం నేర్చుకుంది. పోయడానికి మాత్రం నేను పొద్దున్నే పేపరు చదువుకునే కుర్చీ కింద చోటు చూసుకుంది. కూర్చుని కాళ్లు కింద పెడితే తడి. డెబ్బై దాటినాక నాకిదేం ఖర్మ అని అరిస్తే, మా అమ్మాయి వంటింట్లోంచి "అరవకమ్మా, అది బెదిరిపోతుంది" అంటుంది. నేను జారిపడితే అడిగేవాళ్లు లేరు గానీ, అది బెదిరిపోకూడదు.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ కుర్చీ కింద తుడవడానికి వంగాను. నడుము పట్టేసింది. లేవలేక అక్కడే గోడకు ఆనుకుని, తడిగుడ్డ చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. వాసన ముక్కుకు గుప్పున తగిలింది. అందరికీ చిన్నతనం మల్లెపూల వాసనకో, ముగ్గిన మామిడిపండు వాసనకో గుర్తొస్తుంది. నాకు కుక్క ఉచ్చ వాసనకు గుర్తొచ్చింది. నా రాత అట్లా ఉంది, ఏం చేస్తాం.

మా ఊరు సముద్రం ఒడ్డున. జువ్వలదిన్నె నుంచి ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడిచి రావచ్చు. ఇళ్ల మధ్య ఇసుక, దారిలో ఇసుక, అన్నంలో కూడా అప్పుడప్పుడు ఇసుక. నాయన ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. ఒడ్డున జాలర్ల దగ్గర కొని, పడవలో కాలవ దాటించి, బళ్ల మీద కావలికి చేర్చి, అక్కణ్ణుంచి రైల్లో మద్రాసుకు పంపేవాడు. మా ఇంట్లో చీరలకు, దిండ్లకు, పుస్తకాలకు కూడా ఎండుచేపల వాసనే. బడిలో మా పక్కన కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదనుకుంటారేమో. బడిలో అందరిదీ అదే వాసన.

ఊళ్లో బావుల నీళ్లు ఉప్పన. తాగే నీళ్లకు సర్వితోపు, అదే సరుగుడు చెట్ల తోపు, దాటి అవతల చెలమకు పోవాలి. ఇసుకలో గుంట తీస్తే ఊరే నీళ్లు, చెంబుతో తోడి కడవ నింపుకోవాలి. అంత కష్టపడి తెచ్చిన నీళ్లను మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, దేవుడికన్నా ఎక్కువగా చూసుకునేది. వంటింటి మూలలో ఇటుకలు అడ్డం పెట్టి, లోపల ఇసుక పోసి, ఆ ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేట్టు నీళ్లు చిలకరిస్తూ, దాని మీద మట్టికుండలు కుదురుగా కూర్చోబెట్టేది. ఎండలో పడి వచ్చి ఆ కుండ నీళ్లు ఒక చెంబు తాగితే కడుపులోకి చల్లగా దిగేది. ఆ మూలను అవ్వకు వాళ్లత్త అప్పగించిందట. కాళ్లు కడుక్కోకుండా ఆ దరిదాపుల్లోకి వెళ్తే వీపు విమానం మోత మోగేది.

ఆ ఏడాది మా అమ్మకు కాన్పు కలిసిరాలేదు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. మాకు చెప్పింది అంతే. నన్నూ తమ్ముణ్ణీ ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి పంపేశారు, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత అమ్మ మాట్లాడ్డం మానేసింది. అలిగి కాదు. పలకరిస్తే ఊఁ అనేది. అన్నం పెట్టేది, నా తల దువ్వేది, తమ్ముడికి నీళ్లు పోసేది. చేతులు పని చేస్తుండేవి, మనిషి మాత్రం అక్కడ ఉండేది కాదు. పనైపోగానే వెనక వసారాలో స్తంభానికి ఆనుకుని సర్వితోపు కేసి చూస్తూ కూర్చునేది. నాకు అమ్మను చూస్తే భయంగా ఉండేది. ఈ అమ్మ ఇట్లాగే ఉండిపోతుందా అని.

అవ్వకు ఓదార్చడం చేతకాదు. "తినుమ్మే. తినక పడిపోతే నీకు చాకిరీ ఎవరు చేస్తారు, నేనా?" అనేది. ఆమెకు తెలిసిన ఓదార్పు అంతవరకే. నాయనకు అదీ తెలియదు. మద్రాసు పోయినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి అమ్మ చేతికిచ్చి పక్కకు తప్పుకునేవాడు. ఒకసారి జడకుచ్చులు, ఒకసారి బిస్కెట్లు, ఒకసారి చుట్టూ పూలున్న అద్దం. అమ్మ తీసుకుని లోపల పెట్టేది. అద్దంలో మొహం చూసుకోను కూడా లేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నాయన మద్రాసు నుంచి వచ్చాడు. కావలిలో రైలు దిగి, ఎద్దులబండిలో కాలవ దాకా వచ్చి, పడవలో దాటి, ఇసుకలో నడిచి వచ్చాడు. చంకలో తమలపాకుల బుట్ట. అందులో తెల్లగా, బొచ్చుగా ఏదో కదిలింది.

"కుందేలా నాయనా?" అన్నాడు తమ్ముడు.

"కుక్కరా. మన సరుకు కొనే షావుకారు ఇంట్లో ఈనింది. ఒకటి అడిగి తెచ్చినా."

మా ఊరి కుక్కలంటే చేప తలకాయల కోసం కొట్టుకుని చెవులు చిరిగి, పక్కటెముకలు లెక్కపెట్టుకునేట్టు ఉంటాయి. ఇది చూస్తే దూదిపింజ. ఇట్లాంటిదాన్ని బొచ్చుకుక్క అనేవాళ్లు, జాతి పేరు నాకు పెద్దయ్యాకే తెలిసింది.

"కుక్కయితే ఇంత బొచ్చెందుకురా దానికి? ఈ ఎండకు బతుకుద్దా?" అంది అవ్వ. "ఇంట్లోకి తెచ్చినావేందిరా దాన్ని?"

నాయన అరుగు మీద కూర్చుని, కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "నీకు తెలవదమ్మా. మద్రాసులో పెద్దపెద్దోళ్ల ఇళ్లల్లో ఇయ్యే. మనిషి మాదిరి ఇంట్లోనే మసులుతాయి. అంత శుభ్రం..." అంటుండగానే అది ఆయన ఒళ్లో మడిచి పెట్టుకున్న కొత్త కండువా మీద తీరిగ్గా పోసింది. పోసి, ఆయన మొహంలోకి చూసి, తోక ఊపింది.

అమ్మ నవ్వింది.

నోటికి కొంగు అడ్డం పెట్టుకునే లోపలే నవ్వు బయటికొచ్చేసింది. మేమందరం కుక్కను వదిలేసి అమ్మ కేసి చూశాం. నాయన తడిసిన కండువా పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు, విదిలించడం కూడా మర్చిపోయాడు. అవ్వ మొహం పక్కకు తిప్పుకుని పైటతో ముక్కు తుడుచుకుంది. తర్వాత మా మీద కసిరింది. "చూసింది చాల్లే, ముందు ఆ అరుగు తుడవండి."

తుడిచింది నేను. ఇక అప్పణ్ణుంచి నేనే. తమ్ముడు మగపిల్లాడు, వాడి వంతు ముద్దు చేయడం. నా వంతు తుడవడం. నాయన దానికి ఏదో దొరల పేరు పెట్టాడు, ఎవరికీ నోరు తిరగలేదు. అవ్వ 'పీడ' అని పిలిచేది. అది ఆ పేరుకే పలికేది.

అబ్బబ్బ, ఎన్ని చోట్ల పోసేదని. మడిచిన చాప మీద, విప్పిన చాప మీద, నా బడిసంచి మీద, ఆరేసిన వడియాల పక్కన. తుడిచి గుడ్డ పిండి తీగ మీద వేసి వచ్చేలోపల ఇంకోచోట మడుగు. బయట వదిలేద్దామంటే గద్దలు. చేపలెండే ఊరు కదా, నెత్తిన ఎప్పుడూ గద్దలు తిరుగుతుంటాయి. కోడిపిల్లలను తన్నుకుపోయే గద్దలకు ఈ తెల్లటి ముద్ద ఎంత? గద్దలు వదిలితే ఊరకుక్కలు ఉండనే ఉన్నాయి. కాబట్టి ఇంట్లోనే ఉండాలి, ఇంట్లోనే పోయాలి, నేనే తుడవాలి.

మేం చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. మా ఇంట్లో ఎవరికి ప్రేమ పుట్టినా ఎండుచేప పెడతారు. తమ్ముడు జేబులోంచి ఎండు నెత్తళ్లు తీసి దానికి పెట్టేవాడు. నాయన పెట్టేవాడు. తిడుతూ తిడుతూ అవ్వ కూడా పెట్టేది. అది అవన్నీ తిని, గిన్నెడు నీళ్లు గటగటా తాగి, ఇల్లంతా తిరుగుతూ పోసేది. ఇంత చిన్న కుక్కలో ఇన్ని నీళ్లు ఎక్కడ దాచుకుంటుందో అని నేను తల పట్టుకునేదాన్ని.

ఒకరోజు అందరం తలా ఒక మాట దాన్ని తిడుతున్నాం. స్తంభం దగ్గర్నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఉప్పుచేప పెడితే దప్పికవదా? దప్పికైతే తాగదా? తాగినంక యాడబొయ్యాల అది, నెత్తినా?"

అమ్మ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్ని నెలలైందో. తమ్ముడి చేతిలో నెత్తళ్లు కింద పడిపోయాయి. మర్నాటి నుంచి దాని తిండి అమ్మే చూసుకుంది. మెత్తగా పిసికిన అన్నం, పల్చటి మజ్జిగ, ఉప్పు లేకుండా ఉడకేసి ముల్లు తీసిన చేప. మాకేమో సద్దన్నం, నిన్నటి పులుసు. దానికి వేరే వంట. నాకు ఒళ్లు మండేది. కానీ దానికి అన్నం కలిపినప్పుడు అమ్మ తానూ రెండు ముద్దలు తినేది. అది చూసి ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు.

"షావుకారు ఇంట్లో పాత పేపర్లు పరుస్తారంట. దాని మీదే పోస్తదంట" అన్నాడు నాయన.

మా ఊరికి పేపరు వచ్చేది పొట్లాలుగానే. అవ్వ తేల్చేసింది. "పేపర్లకు యాడికి పోతామురా? ఇసక లేదా కావాల్సినంత? రేకుతట్టలో ఇసక పోసి వసారాలో పెట్టండి, అందులో పోస్తది."

ఆ ఉపాయం అవ్వదే. ఇది గుర్తుపెట్టుకోండి.

తినగానే దాన్ని ఎత్తుకుపోయి తట్టలో నిలబెట్టడం, నిద్ర లేవగానే నిలబెట్టడం నా పని. అది అందులో దిగి, ఇసుకంతా వెనక్కాళ్లతో నా మొహాన చిమ్మి, బయటికి గెంతి, నా ఎదురుగానే నేల మీద పోసేది. నేను ఏడ్చేదాన్ని, నిజంగానే ఏడ్చేదాన్ని. ఒకరోజు అమ్మ వచ్చి తట్ట పక్కన గొంతుక్కూర్చుని, చంటిబిడ్డలకు చేసినట్టు "ఉస్స్... ఉస్స్..." అంది. అది అమ్మ కేసి కాసేపు చూసి, బుద్ధిగా ఇసుకలో పోసింది. నేను అన్నాళ్లు తంటాలు పడింది దేనికో!

తర్వాత తర్వాత దానంతటదే తట్ట వెతుక్కుంటూ పోవడం మొదలుపెట్టింది. ఎదురింటి పెద్దమ్మ పనిగట్టుకుని వచ్చి చూసి బుగ్గ నొక్కుకుంది. నాయన ఒడ్డున అందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రం గద్దలు గూళ్లకు పోయాక దాన్ని బయట తిప్పేవాళ్లం. ఊరంతా ఇసుకే కదా, దానికి పండగే. ఒకనాడు పెద్దమ్మ ఇంటి ముందు ఇసుకలో పరిచిన నెత్తళ్ల మధ్యలోకి పోయి కూడా పోసింది. అంతకుముందు బుగ్గ నొక్కుకున్న పెద్దమ్మే ఆ సాయంత్రం వీధి ఎక్కింది. "ఏమ్మే, మీ బొచ్చుకుక్కకు నా చేపలే దొరికినాయా?" అని అవ్వను నిలదీసింది. ఆ నెత్తళ్లన్నీ నాయనే తీసుకోవాల్సి వచ్చింది. మేం తినలేదు. ఎవరు తిన్నారో నన్ను అడగొద్దు.

అప్పుడైనా మాకు అర్థం కావాల్సింది. దానికి తెలిసింది తట్ట కాదు, ఇసుక.

ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. మేం నడవలో పడుకుని ఉన్నాం. వంటింట్లోంచి అవ్వ కేక వినిపించింది. ఇంట్లో పాము దూరిందేమోనని పరిగెత్తాం. అవ్వ గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి ఉంది. మూలన, ఇటుకల లోపల, చల్లటి తడి ఇసుకలో, కుండల మధ్య మా పీడ వెనక్కాళ్లు మడిచి కూర్చుని ఉంది. పని పూర్తిచేసుకుని, కుండలకు నాలుగు దోసిళ్ల ఇసుక చిమ్మి, అందరం వచ్చామని సంతోషంగా తోక ఊపింది. బాగా నేర్చుకున్నాను కదా అని మెప్పు కోసం చూస్తున్నట్టు ఉంది.

అవ్వ చెంబు కింద పెట్టింది. మూడు కుండల నీళ్లూ ఎత్తుకుపోయి పెరట్లో కుమ్మరించింది. చెలమ నుంచి ఆ పొద్దున నేనూ అమ్మా మోసుకొచ్చిన నీళ్లు. ఇసుక ఒక్క గుక్కలో తాగేసింది. నాకు ఆ కుక్కను ఎత్తి సముద్రంలో వేయాలనిపించింది.

"అబ్బయ్యా," అంది అవ్వ నాయనతో. గొంతు పెంచలేదు, అందుకే మాకు భయమేసింది. "రేపు సరుకు బండి కావలికి పోతాది గదా. దాంతోపాటు ఇదీ పోవాల. తాగే నీళ్ల కాడికొచ్చినాక ఇంక నేనూరుకోను. అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

నాయన నేల చూపులు చూశాడు. అవ్వ అట్లా అన్నాక ఆ ఇంట్లో తిరుగుండదు. నేను అమ్మ కేసి చూశాను. అమ్మ మొహంలో వెలుగు తగ్గిపోతూ ఉండడం నా కళ్లతో చూశాను. మళ్లీ స్తంభం దగ్గరికి పోయి కూర్చుంటుంది, ఇక లేవదు అనుకున్నాను. అంతదాకా కుక్క మీద ఉన్న కోపమంతా పోయింది. అది ఉండాలి, ఏమైనా సరే ఉండాలి అనిపించింది. కానీ ఏం చేయాలో తెలియక, నాకు తెలిసిన ఒకే పని చేయబోయాను. తుడవడానికి గుడ్డ వెతికాను. గుడ్డలన్నీ తడిసి తీగ మీద ఉన్నాయి.

అమ్మ లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత తెరిచిన చప్పుడైంది. చేతుల నిండా గుడ్డలు తెచ్చింది. మెత్తటి పాత చీరలు చింపి, అంచులు కుట్టి, చదరంగా మడిచిపెట్టిన గుడ్డలు. కర్పూరం వాసన వేస్తున్నాయి. ఒక్కటీ వాడలేదు. అవేమిటో నాకు కూడా తెలుసు. కాన్పుకు ముందు అమ్మ కుడుతుంటే నేను సూదిలో దారం ఎక్కించాను. పుట్టబోయే బిడ్డ కోసం కుట్టిన పొత్తిగుడ్డలవి.

అమ్మ కింద కూర్చుంది. ఒక గుడ్డతో ఇటుకలు తుడిచింది, ఇంకోదానితో నేల తుడిచింది. మూడో గుడ్డతో కుక్కపిల్లను దగ్గరికి తీసుకుని దాని కాళ్లకున్న తడి ఇసుక తుడిచింది. అప్పుడు తలెత్తకుండా అంది.

"పసిది అత్తా. దానికేం తెలుసు. ఇసకలో పొయ్యమన్నాం, ఇసకలోనే పోసింది."

అవ్వ కుక్కను చూడలేదు. ఆ గుడ్డల కేసే చూస్తూ నిలబడింది. తర్వాత పెరట్లోకి పోయింది. అన్నానికి పిలిచినా రాలేదు. నాయన బండివాడికి ఏం చెప్పాలో తెలియక వీధిలోనే తిరుగుతూ ఉండిపోయాడు.

తెల్లవారి నేను లేచి వంటింట్లోకి పోయేసరికి మూల బోసిగా ఉంది. ఇటుకలు తీసేసి ఉన్నాయి. మట్టికుండలు పెరట్లో గోడవారన బోర్లించి ఉన్నాయి. గుండ్రటి అడుగున్న కుండలు, ఇసుక లేకపోతే నిలబడవు కదా. ఎత్తుగా ఒక బల్ల వేసి, దాని మీద ఇత్తడి బిందెలు రెండు పెట్టి ఉన్నాయి. అవ్వ ఇసుకను చేటతో ఎత్తి గంపలో పోస్తోంది.

"ఇదేందమ్మా?" అన్నాడు నాయన.

"కుండలు నీరు కారతా ఉండాయిరా. ఎన్నాళ్లనుంచో తీసేద్దామనుకుంటా ఉండా." ఆ కుండలు ఉగాదికి కొన్నవి, చుక్క కారవని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ గంప నా నెత్తికెత్తింది. "ఈ ఇసక పారబొయ్యబాకమ్మే. ఎనక వసారాలో, మీయమ్మ కూర్చునేకాడ మూలగా పొయ్యి. ఆ పీడకు అదుంటది."

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తిరిగి చూడలేదు గానీ, ఊదుగొట్టం పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగకని మేం అనుకోవాలి. సరుకు బండి ఎండుచేపలతోనే కావలికి పోయింది.

ఆ కుక్కకు అప్పుడైనా బుద్ధొచ్చిందంటే నేను చెప్పలేను. చాలా ఏళ్లు బతికింది, చాలా ఏళ్లు పోసింది. దాన్ని తిడుతూ, దాని వెనకాల పరిగెడుతూ అమ్మ మెల్లగా మాకు తిరిగొచ్చింది. ఒక్కరోజులో కాదు. ఒకరోజు పాట కూనిరాగం, ఇంకోరోజు పెద్దమ్మతో పోట్లాట. పోట్లాట విన్నరోజు నాయన భోజనంలో రెండోసారి పులుసు పోయించుకున్నాడు.

నీళ్లు మాత్రం పాడైపోయాయి. మా ఊరి ఎండకు ఇత్తడి బిందెలో నీళ్లు మధ్యాహ్నానికల్లా వెచ్చబడేవి. నాయన ఎండలో ఒడ్డు నుంచి వచ్చి చెంబెత్తి తాగి, ఒక్క క్షణం చెంబులోకి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టేవాడు. ఒకసారి తమ్ముడు "అవ్వా, నీళ్లు వేడిగా..." అనబోతే నేనే వాడి నెత్తిన మొట్టాను. అవ్వ కూడా అవే తాగింది. ఆ ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగాం. ఎవరూ నోరెత్తలేదు.

నిన్న సాయంత్రం మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, నన్ను కింద చూసి హడలిపోయింది. లేపి కూర్చోబెట్టి, నడుముకు మందు రాసి, ఏడుపు మొహంతో "దీన్ని తిరిగి ఇచ్చేయమంటావా అమ్మమ్మా?" అంది. కుక్కపిల్ల మనవరాలి చున్నీ అంచు పట్టుకుని లాగుతోంది.

"ఇచ్చేదేముంది. నా కుర్చీ తీసి ఆ కిటికీ దగ్గర వెయ్యి. ఆ చోటు దానికే వదిలెయ్" అన్నాను.

"అక్కడ ఎండ పడుతుంది కదా?"

"పడితే పడనీ."

కుర్చీ జరిపి, పరిగెత్తుకుంటూ పోయి ఫ్రిజ్జులోంచి చల్లటి నీళ్లు తెచ్చింది. వద్దన్నాను. మామూలు నీళ్లిమ్మన్నాను. ఇంత ఎండలో వెచ్చటి నీళ్లు ఎట్లా తాగుతావు అని ఎప్పుడూ అడిగేదే మళ్లీ అడిగింది. అవి తాగినప్పుడల్లా నాకు మా అమ్మ నవ్వు వినిపిస్తుంది. మనవరాలికి మాత్రం చల్లటివి గొంతుకు పడవని చెప్పాను.